సంకేతబిందువు నుంచి అక్షరం దాకా: తెలుగు పాఠ పరిశోధనలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్

వ్యాససంగ్రహం:
తెలుగు అక్షరం కంప్యూటర్ తెర మీదికి చేరే దారిలో యూనికోడ్ సంకేతం, ఖతి, అక్షరవిన్యాస యంత్రాంగం అనే మూడు అంచెలున్నాయి. ఈ అంచెలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ నిర్వహిస్తున్న పాత్రను, సిద్ధాంతగ్రంథ రచన, శాసనపాఠ పరిష్కరణ, నిఘంటు నిర్మాణం వంటి పనులపై దాని ప్రభావాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. కృత్రిమ మేధకు చెందిన భాషానమూనాల విషయంలో ‘ఓపెన్’ అన్న మాట చుట్టూ ఇటీవల తలెత్తిన చర్చను కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఓపెన్ సోర్స్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, యూనికోడ్, ఖతులు, పాఠపరిష్కరణ, అకారాది క్రమం, భాషానమూనాలు.

1. కనిపించే తెలుగు, వెతకదగిన తెలుగు

ఒక సిద్ధాంతగ్రంథం పి.డి.ఎఫ్. రూపంలో తెర మీద కనిపించడం వేరు, అందులోని పాఠాన్ని యంత్రం తెలుగుగా గుర్తించడం వేరు. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో చాలామంది పరిశోధకులకు అవసరం పడిన రోజునే తెలిసివస్తుంది. పాత గ్రంథాన్ని తెరిచి అందులో ‘నన్నెచోడుడు’ అన్న మాటను వెతికితే, ఆ పేరు పుటపుటనా కంటికి కనిపిస్తున్నా యంత్రం మాత్రం ‘లేదు’ అని జవాబిస్తుంది.

కారణం ఖతిలో ఉంది. యూనికోడ్‌కు పూర్వం తయారైన ఖతులలో తెలుగు అక్షరానికి స్వంత సంకేతం లేదు. రోమన్ లిపికి కేటాయించిన స్థానాలలోనే తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా బొమ్మలై కూర్చున్నాయి. దస్త్రంలో నిజంగా భద్రమయ్యేది రోమన్ అక్షరాలూ విరామచిహ్నాలూ కలగలిసిన వరుస మాత్రమే. ఖతి దాని మీద తెలుగు ముసుగు వేస్తుంది. ఖతి మారితే ముసుగు జారిపోతుంది. పైగా ఒక్కో ఖతికి ఒక్కో అమరిక కనుక, ఒకదానికి రాసుకున్న మార్పిడి పట్టిక మరొకదానికి పనికిరాదు.

అచ్చుపనికి ఈ పద్ధతి ఏ లోటూ చేయలేదన్నది ఒప్పుకోవాలి. పేజ్‌మేకర్‌లో కూర్చిన తెలుగు పుస్తకాలు ఏళ్ల తరబడి చక్కగానే అచ్చయ్యాయి. ఆ సాఫ్ట్‌వేర్ చివరి ప్రధాన రూపం 7.0, 2001లో విడుదలైంది. తరువాత దాని అభివృద్ధి ఆగిపోయింది. దాని మీద ఆధారపడిన దస్త్రాలు మాత్రం మిగిలి ఉన్నాయి. ఇక్కడొక విడ్డూరం గమనించదగినది. సిద్ధాంతగ్రంథాలను భద్రపరిచే ‘శోధగంగ’ నడుస్తున్నది డీస్పేస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద. భాండాగారం తలుపులు తెరిచే ఉన్నాయి, లోపలి పెట్టెలలో కొన్నింటికే తాళాలున్నాయి.

2. ఉచితం కాదు, స్వేచ్ఛ

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించారు. 1989లో గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు వెలువడింది, 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను విడుదల చేశారు. ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరు 1998లో వచ్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అన్న పాత పేరు వాడుకరి హక్కును ముందుకు తెస్తే, ఈ కొత్త పేరు తయారీ పద్ధతిని ముందుకు తెచ్చింది. రెండింటి ఆచరణలో తేడా స్వల్పమే. ఏ ప్రయోజనానికైనా వాడుకోవడం, మూలసంకేతాన్ని చదివి మార్చుకోవడం, ప్రతులు పంచుకోవడం, మార్చిన రూపాన్నీ పంచుకోవడం అనే నాలుగు హక్కులు లైసెన్సు ద్వారా లిఖితపూర్వకంగా లభించాలి.

‘ఉచితం’, ‘స్వేచ్ఛ’ అన్న రెండు భావాలకు ఇంగ్లీషులో ఒకే మాట ఉండడం వల్ల ఆ ఉద్యమం దశాబ్దాలుగా వివరణలు ఇచ్చుకుంటూనే ఉంది. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. హైదరాబాదు కేంద్రంగా నిర్వాహక వ్యవస్థను తెలుగులోకి తెచ్చే పనిచేసిన సంస్థ తన పేరే ‘స్వేచ్ఛ’ అని పెట్టుకున్నది. డబ్బు చెల్లించకుండా దొరికిన ఖతి, మార్చుకునే హక్కుతో దొరికిన ఖతి ఒకటి కావు. ఈ భేదం పాఠపరిష్కర్తకు ఎంత ముఖ్యమో నాలుగో విభాగంలో తేలుతుంది.

3. ఒక అక్షరం, ఆరు సంకేతాలు

యూనికోడ్ 1991లో వెలువడిన తొలి రూపం నుంచే తెలుగుకు చోటిచ్చింది. భారతీయ ప్రమాణమైన ఇస్కీ అమరికను అనుసరించి తెలుగు లిపికి 128 స్థానాలు కేటాయించింది. అక్కడ గుణింతాలకు, సంయుక్తాక్షరాలకు విడి స్థానాలు లేవు. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒక్క అక్షరం. దస్త్రంలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఇకారపు గుర్తు అనే ఆరు సంకేతబిందువులు. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కనుక ఆ ఒక్క అక్షరం 18 బైట్లు ఆక్రమిస్తుంది.

ఆ ఆరింటినీ తిరిగి ఒక అక్షరంగా పేర్చే పని అక్షరవిన్యాస యంత్రాంగానిది. ఏ హల్లు పైన నిలవాలి, ఏది ఒత్తుగా కిందికి దిగాలి, గుడి ఎవరికి చెందాలి అన్నది అది ఖతిలోని సూత్రాలను సంప్రదించి నిర్ణయిస్తుంది. నేడు ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ ఈ పనికి హార్ఫ్‌బజ్ అనే ఒకే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాయి. అంటే కోట్లాది ఫోన్‌లలో తెలుగు ఒత్తులను పేరుస్తున్న సూత్రాలను ఎవరైనా తెరిచి చదవవచ్చు. ఆ సూత్రాలలో లిపిశాస్త్రం తెలిసినవారు సరిదిద్దదగినవి ఉండవచ్చు. తెలుగు శాఖల దృష్టి ఇంకా అటు మళ్లవలసే ఉంది.

సంకేతాల స్థాయిలో పరిశోధకులను తికమకపెట్టే సంగతులు రెండున్నాయి. ఐత్వానికి యూనికోడ్‌లో ఒక సంకేతం ఉంది. ఎత్వపు గుర్తు, దాని కింద వచ్చే మరో గుర్తు అని రెండు సంకేతాలుగానూ దానిని రాయవచ్చు. ప్రమాణం ప్రకారం రెండూ సమానమే, తెర మీద రూపమూ ఒకటే. కానీ సాధారణీకరణ చేయని పాఠంలో ఒకదాన్ని వెతికితే రెండోది దొరకదు. ఇక ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటనే చూడవచ్చు. ‘ట్’ పొల్లుగా నిలిచి ‘వే’ దాని కింద ఒత్తుగా మారకుండా ఉండాలంటే, రెంటి మధ్య కంటికి కనిపించని విభాజక సంకేతం ఒకటి ఉండాలి. దానితో కలిపి ఆ మాటలో 11 సంకేతాలు, లేకుంటే 10. పదప్రయోగ సూచికలు, పదాల పౌనఃపున్య పట్టికలు తయారుచేసేవారు ఈ సాధారణీకరణ చేయకపోతే ఒకే మాట రెండు మాటలుగా లెక్కకు వస్తుంది. ఇది శైలీపరిశోధన ఫలితాలనే మార్చివేయగల పొరపాటు.

4. శాసనాక్షరాలు, ఖతుల లైసెన్సులు

ప్రాచీన పాఠాలతో పనిచేసేవారికి సమస్య మరింత లోతైనది. దంత్య చ, జలైన ౘ, ౙలు 2008లో యూనికోడ్ 5.1తో చేరాయి. తొలి శాసనాలలో కనిపించే ఴ 2014లో 7.0తోనూ, ౚ 2015లో 8.0తోనూ వచ్చాయి. నకారపొల్లుకు ప్రత్యేక సంకేతం దక్కింది 2021లో, 14.0తో. అంతకుముందు ఒక శాసనపాఠాన్ని యూనికోడ్‌లో ఎక్కించినవారు ఴకు బదులు ళ, డ వంటి ఏదో ఒక అక్షరాన్ని, నకారపొల్లుకు మామూలు ‘న్’ను వాడక తప్పలేదు. అటువంటి పాఠాన్ని ధ్వనిపరిణామ చర్చకు ఆధారం చేసుకునే ముందు అది ఏ ఏడు టైపైనదో చూసుకోవడం మంచిది.

సంకేతం కేటాయించినంత మాత్రాన అక్షరం కనిపించదు. ఖతిలో దాని బొమ్మ ఉండాలి, లేకుంటే తెర మీద ఖాళీ పెట్టె మిగులుతుంది. ఖతి లైసెన్సు ప్రసక్తి వచ్చేది ఇక్కడే. మూసిన లైసెన్సు ఉన్న ఖతికి కొత్త అక్షరం కావాలంటే తయారీదారు దయతలచాలి. పదిమంది శాసన పరిశోధకుల అవసరం వ్యాపారానికి ఆనదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు గ్నూ లైసెన్సుతో వెలువడ్డాయి. మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, ధూర్జటి, గిడుగు వంటి ఖతులు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో అందుబాటులో ఉన్నాయి. ఈ లైసెన్సు ఉన్న ఖతిని ఫాంట్‌ఫోర్జ్ వంటి ఓపెన్ సోర్స్ సాధనంలో తెరిచి, లోపించిన అక్షరాన్ని గీసి చేర్చుకోవచ్చు, మార్చిన ఖతిని ఇతరులకు పంచవచ్చు. షరతులు కొద్దివే: మార్చిన ఖతిని అదే లైసెన్సుతో ఇవ్వాలి, మూలకర్త ప్రత్యేకించుకున్న పేరును దానికి పెట్టరాదు, ఖతిని మాత్రమే విడిగా అమ్మరాదు.

నిఘంటుకారులకు మరో చిక్కుంది. యూనికోడ్ పట్టికలో ర పక్కనే ఱ, ల పక్కనే ళ ఉన్నాయి. వర్ణమాలలో ళ, ఱలు హకారం తరువాత వస్తాయి. సంకేతాల వరుసనే అకారాది క్రమంగా తీసుకునే సాఫ్ట్‌వేర్‌లో ‘ఱ’తో మొదలయ్యే ఆరోపాలు లకారానికి ముందే వచ్చి కూర్చుంటాయి. ఐ.సి.యు. అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో క్రమసూత్రాన్ని వాడుకరులే రాసుకునే వీలుంది. ళ, ఱలను హకారం తరువాతకు జరిపే సూత్రం ఒక్క పంక్తికి మించదు. సంపాదకులు తమ క్రమాన్ని పీఠికలో చెప్పుకోవడం మన నిఘంటువులలో పాత ఆచారమే. ఆ పంక్తిని కూడా పీఠికలో అచ్చు వేస్తే తరువాతివారికి పని తగ్గుతుంది.

5. తెరిచిన గుట్టు, మూసిన గుట్టు

2018 ఫిబ్రవరిలో తెలుగు లిపి ప్రపంచ వార్తలకెక్కింది. ‘జ్ఞా’ను పోలిన ఒక వరుస, అంటే జ, పొల్లు, ఞ, కనిపించని విభాజకం, దీర్ఘం, ఐఫోన్‌కు సందేశంగా అందితే దానిని చూపించబోయిన అప్లికేషన్ కుప్పకూలేది. ఆపిల్ సంస్థ అదే నెల 19న ఐ.ఓ.ఎస్. 11.2.6తో దోషాన్ని సవరించింది. పత్రికలు దానిని ‘తెలుగు అక్షరం’ చేసిన ఉపద్రవంగా రాశాయి. దోషం అక్షరానిది కాదు, విన్యాస యంత్రాంగానిది. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని వరుసలకూ అదే గతి పట్టింది. ఆ యంత్రాంగపు మూలసంకేతం బహిరంగం కానందున బయటి నిపుణులు రకరకాల అక్షర వరుసలను ప్రయోగించి, ఏవి కూలుస్తాయో చూసి కారణాన్ని ఊహించవలసి వచ్చింది.

అయితే మూలసంకేతం బహిరంగమైతే చాలు, దోషాలుండవనుకోవడం అమాయకత్వం. లినక్స్ వ్యవస్థలలో విస్తృతంగా వాడే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న సంపీడన సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి ఒకటి ఉన్నట్లు 2024 మార్చిలో బయటపడింది. దానిని చేర్చిన వ్యక్తి రెండేళ్లకు పైగా సహకారం అందిస్తూ, ఒంటరిగా భారం మోస్తున్న నిర్వాహకుడి నమ్మకాన్ని సంపాదించాడు. దూరపు కంప్యూటర్‌లోకి ప్రవేశించేటప్పుడు సుమారు అర సెకను ఆలస్యం ఎందుకవుతున్నదో ఆరాతీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దానిని పట్టుకున్నారు. చదివే వీలుండడం వల్లనే అది పట్టుబడింది, చదివేవారు కొద్దిమందే కావడం వల్లనే అంతదాకా వచ్చింది.

6. భాషానమూనాలు: ‘ఓపెన్’ అంటే ఏమిటి?

అచ్చు పుటల నుంచి పాఠాన్ని వెలికితీసే టెసరాక్ట్‌కు 1980లలో హ్యూలెట్ ప్యాకార్డ్‌లో బీజం పడింది. 2005లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన ఈ సాధనం 2018 నాటి నాలుగో రూపంతో నాడీజాల పద్ధతికి మారింది. తెలుగును గుర్తిస్తుంది. ముసుగు ఖతులతో చేసిన పి.డి.ఎఫ్.లను బొమ్మలుగా మార్చి దీనికి అందించడం, పట్టిక దొరకని ఖతుల విషయంలో మిగిలిన దారి. ఒత్తుల దగ్గర దిద్దుబాటు తప్పదు.

భాషానమూనాల విషయంలో చర్చ వేరు. ఇవి పాఠాన్ని అక్షరాలుగా కాక తమ పదకోశంలోని తునకలుగా చదువుతాయి. పదకోశంలో తెలుగు తునకలు తక్కువైతే మాట బైట్ల స్థాయికి చితికిపోతుంది, ‘స్త్రీ’ వంటి అక్షరమే అనేక తునకలవుతుంది. ఖర్చు పెరుగుతుంది, ఒకేసారి చదవగల పాఠం కుంచించుకుపోతుంది. 2023లో వచ్చిన లామా 2 పదకోశం 32,000 తునకలది. 2024 నాటి లామా 3లో అది 1,28,000కు పెరిగింది.

లామా నమూనాలను దించుకొని వాడుకోవచ్చు. కానీ లైసెన్సులో వాడుక పరిమితులున్నందున అవి ఓపెన్ సోర్స్ కావని ఆ నిర్వచనానికి కర్త అయిన ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ స్పష్టం చేసింది. ఆ సంస్థ 2024 అక్టోబరులో కృత్రిమ మేధకు ప్రత్యేక నిర్వచనాన్ని ప్రకటించింది. దాని ప్రకారం మూలసంకేతం, నమూనా విలువలు, శిక్షణకు వాడిన పాఠాల సవివరమైన సమాచారం అందుబాటులో ఉండాలి. పాఠాలన్నింటినీ ఇచ్చితీరాలన్న నియమం లేదు. ఈ వెసులుబాటుపై విమర్శలు వచ్చాయి. సాహిత్య పరిశోధన వైపు నుంచి చూస్తే విమర్శకులదే సబబైన వాదన. ఒక నమూనా ఒక ఛందోలక్షణాన్ని తప్పుగా చెప్పినప్పుడు, ఆ తప్పు ఏ ప్రతిలో పుట్టిందో పరిశీలించే వీలు లేకపోతే పాఠవిమర్శ పద్ధతికి అక్కడ చోటే లేదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మద్రాసు ఐ.ఐ.టి.లోని ఏఐ4భారత్ బృందం 2023లో విడుదల చేసిన ఇండిక్‌ట్రాన్స్2. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలకు పనిచేసే ఈ అనువాద నమూనా ఎం.ఐ.టి. లైసెన్సుతో లభిస్తుంది. దానికోసం కూర్చిన సమాంతర పాఠనిధిని కూడా ఆ బృందం ప్రచురించింది. ఒక తెలుగు జాతీయం అనువాదంలో ఎందుకు తప్పిందో తెలుసుకోగోరేవారు ఆ పాఠనిధిని తెరిచి, ఆ జాతీయం అందులో ఉన్నదా, ఉంటే దాని పక్కన ఏ వాక్యం నిలిచి ఉన్నదో చూడవచ్చు.