గోడ దాటే మూటలు

ఊరగాయ జాడీలో తేలిన తెల్లని బూజుకూ, రొట్టెను పొంగించే ఈస్టుకూ, వాన వెలిశాక మొలిచే పుట్టగొడుగుకూ చుట్టరికం ఉన్నది. అన్నీ శిలీంధ్రాలే. ఆ కుటుంబంలోనే పుట్టిన ప్రమాదకరమైన ఈస్టు క్రిప్టోకాకస్. అందులో ఒక జాతి పావురాల రెట్ట కలిసిన మట్టిలో పెరుగుతుంది. ఊపిరితోపాటు లోనికి ప్రవేశించి, రోగనిరోధకశక్తి సన్నగిల్లినవారిలో, ముఖ్యంగా ఎయిడ్స్ రోగులలో, మెదడు పొరల వాపును కలిగిస్తుంది. చికిత్స లేకపోతే ప్రాణం దక్కదు.

ఈ జీవికి రక్షణ దాని చుట్టూ ఉండే జిగురు తొడుగు. చక్కెర అణువుల పొడవాటి గొలుసులతో అల్లిన ఆ తొడుగు ఉన్నంతవరకు మన భక్షకకణాలు దానిని పట్టి మింగడం కష్టం. అయితే ఆ గొలుసులు తయారయ్యేది కణం లోపల. తొడుగు ఉండేది వెలుపల. నడుమ దృఢమైన కణకుడ్యం! అంత పెద్ద అణువులు ఆ గోడను ఎట్లా దాటుతున్నట్లు?

న్యూయార్కులోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలలో మార్సియో రోడ్రిగెస్, ఆర్టురో కాసడెవాల్ ప్రభృతులు 2007లో దీనికి సమాధానం చూపారు. కొవ్వు పొర చుట్టిన అతిసూక్ష్మమైన సంచులలో ఆ సరకు గోడ దాటి వస్తున్నది. ఒక్కొక్క సంచి వ్యాసం రమారమి వంద నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో పదివేలవ వంతు. మరుసటి ఏడు అదే బృందం ఆ సంచులను శోధించగా, వ్యాధికి తోడ్పడే ఎంజైములు కూడా బయటపడ్డాయి. శత్రువు ఇంటికి మందుగుండు మూటకట్టి పంపినట్లున్నది వ్యవహారం.

మూటలలో వెళ్ళేది సరకు మాత్రమే కాదు, కబురు కూడా. ఉష్ణదేశాలకు పరిమితమని భావించిన క్రిప్టోకాకస్ గట్టీ అనే జాతి 1999 నుండి కెనడాలోని వాంకూవర్ ద్వీపంలో ఆరోగ్యవంతులను సైతం పట్టి పీడించింది. దాని రహస్యాన్ని ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఎవా బీల్‌స్కా, రాబిన్ మే బృందం 2018లో కొంత విప్పింది. భక్షకకణం మింగినా చావక, ఈ ఈస్టు దాని కడుపులోనే కాపురం పెడుతుంది. అక్కడినుండే సంచులను విడుస్తుంది. వాటిని పొరుగు భక్షకకణం గ్రహిస్తే, అందులో బందీగా ఉన్న బలహీనమైన ఈస్టు సైతం వేగంగా పిల్లలు పెట్టసాగింది! సంచిలోని ప్రోటీనులను గాని, ఆర్.ఎన్.ఏ.ను గాని నాశనం చేస్తే ఆ ప్రభావం కనిపించలేదు.

గోడ దాటే ఈ విద్య రెండు దిశలలోనూ పనిచేయడం విశేషం. ఆంఫోటెరిసిన్-బి అనే పాత మందు శిలీంధ్రాలను చంపుతుంది గాని, రోగి మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. ఆ బాధ తగ్గించడానికి దానిని కొవ్వు గోళాలలో చుట్టి ఇవ్వడం ఎప్పుడో మొదలైంది. గోళాల వ్యాసం 60 నుండి 80 నానోమీటర్లు. కణకుడ్యపు రంధ్రాలకంటె ఎంతో పెద్దవి. అయినా అవి పగలకుండానే శిలీంధ్రపు గోడలోనికి చొచ్చుకొని పోతున్నాయని స్కాట్లండులోని అబర్డీన్ పరిశోధకులు 2018లో గమనించారు. ఎయిడ్స్ రోగులలో ఈ మెదడు పొరల వాపుకు మరి రెండు మందులతోపాటు ఈ గోళాల మందును ఒకే ఒక్క పెద్ద మోతాదుగా ఇవ్వవలెనని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.