ఆఫీసుకి సెకండ్‌హ్యాండ్ టూ సీటర్: మియాటానే ఎందుకు?

డల్లాస్‌లో రోజూ ఆఫీసుకి వెళ్లేది నేనొక్కణ్ణే. చదువు లోన్ ఇంకా తీరలేదు, అయినా టూ సీటర్ మీద మోజు పోలేదు.

హోండా ఎస్2000 రేటు చూసి వదిలేశా. టయోటా ఎంఆర్2 స్పైడర్ బాగుంది కానీ సరైన డిక్కీ లేదు. చివరికి 2006-15 మధ్య వచ్చిన మూడో తరం మాజ్డా మియాటా దగ్గర ఆగా. 2 లీటర్ల ఇంజిన్, టైమింగ్ చైన్. పాత మియాటాల్లో అయితే బెల్ట్ మార్పించే ఖర్చు ఉంటుంది.

కొనేముందు అడుగున తుప్పు, టాప్ చిరుగులు, సర్వీస్ బిల్లులు చూడండి. ఇన్సూరెన్స్ రేటూ ముందే కనుక్కోండి. మెరిసిపోతున్న ఒక కారులో సీటు కింద కార్పెట్ తడిగా తగిలింది, టాప్ లీకేజీ అని బేరం ఆపేశా. పాత ఫోన్‌కి బ్యాటరీ హెల్త్ చూడకుండా డబ్బులిస్తామా? ఇదీ అంతే.