మనది కాని యింట మన చెట్టు

భద్రాచలము రోడ్డు అను రైలు స్టేషనులో దిగి గోపురము కొరకు నలుదిక్కులు చూచు యాత్రికురాలికి మొదట కనబడునది గోపురము కాదు, బొగ్గు. భద్రాచల క్షేత్రమచ్చటికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున గోదావరి యొడ్డున నున్నది. స్టేషనున్న యూరు కొత్తగూడెము. సీతారాముల దర్శనమునకు పోవు తొందరలో మన సోదరీమణులలో పెక్కుమంది ఈ యూరిని బస్సు కిటికీనుండి మాత్రమే చూచి పోవుదురు. ఒక్కపూట ఆగి, సింగరేణి బొగ్గుగనుల కంపెనీ ప్రధాన కార్యాలయమునకు చేరువనున్న బంగళాల వీథులలోను, రైటర్ బస్తీలోను, ఆవలనున్న రుద్రంపూరు క్వార్టర్ల వరుసలలోను నడచిచూడుడని మా మనవి. బొగ్గు తీయు నూరు నల్లగా నుండునని మనము తలంతుము. ఇచ్చటి పాత వీథులు చెట్లనీడలో నున్నవి.

ఈ నీడకు మూలము తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను. ఈ సీమలో బొగ్గు దొరకుట గూర్చి పెద్దలు చెప్పు కథ యొకటి కలదు. భద్రాచలమునకు కాలినడకన పోవు యాత్రికులు ఇల్లందు ప్రాంతమున విడిది చేసి, దొరకిన నల్లరాళ్లు మూడు పేర్చి పొయ్యి రాజవేసిరట. అన్నముడుకుచుండగా కట్టెలతోపాటు పొయ్యిరాళ్లును అంటుకొన్నవట! కథ యెంతవరకు నిజమైనను, వంటపొయ్యి కడ పుట్టిన కథ కనుక అది మన స్త్రీల కథయే యని మాకు తోచును. శాస్త్రజ్ఞుల లెక్క వేరు. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగు 1871లో ఇల్లందు చెంత బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండున ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందెను. 1889లో ఇల్లందున గనిపని సాగెను. ఆ చెంతనున్న సింగరేణి గ్రామము పేరే 1920లో కంపెనీకి పేరైనది. కొత్తగూడెమున గనులు 1937లో మొదలాయెను. 1945లో నిజాము ప్రభుత్వము కంపెనీ వాటాలలో పెద్దభాగమును కొనెను. నేడు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్ర ప్రభుత్వమునకు 49 వంతులు కలవు.

అడవి నడుమ గని తెరచినంతమాత్రమున పనివారు వచ్చి నిలువరు. వారికి ఇల్లు కావలెను, నీరు కావలెను, దవాఖాన కావలెను. అందువలన గనివెంట క్వార్టర్లు పుట్టినవి: అధికారులకు విశాలమైన ఆవరణములతో బంగళాలు, కార్మికులకు ఒకే కప్పు క్రింద వరుసగా చిన్న యిండ్లు. రైటరనగా గుమాస్తా, రైటర్ బస్తీ యను పేరులోనే ఆ పాత కొలువు వాసన యున్నది. కరీంనగరమునుండియు, కోస్తా జిల్లాలనుండియు, ఉత్తరదేశమునుండియు కుటుంబములు వచ్చి ప్రక్కప్రక్కనే కాపురములు పెట్టెను. వారు రాకమునుపే ఈ నేల కోయలది. ఇప్పపూవు ఏరుకొనుట, తునికాకు కోయుట వంటి పనులతో వారి స్త్రీలు ఎరిగిన అడవి మనమెరిగిన పట్టణముకంటె మిక్కిలి పాతది. ఈ మాట మరచి ఈ యూరి నీడను పొగడుట న్యాయము కాదు.

వీథులలోని చెట్లును మనుష్యులవలెనే అనేక దేశములనుండి వచ్చినవి. వేప, కానుగ మనవి. ఎండలలో ఎఱ్ఱగా పూచు తురాయి మడగాస్కరు ద్వీపమునుండి వచ్చినది. కొమ్మలు గొడుగువలె చాచి, సాయంకాలమున ఆకులు ముడుచుకొను నిద్రగన్నేరు అమెరికాఖండపు వేడిదేశముల చెట్టు. ఇవి అలంకారమునకు మాత్రమే నాటబడినవి కావు. ఈ సీమలో వేసవి యెండ 45 డిగ్రీలు దాటుట క్రొత్తవిషయము కాదు. చెట్టు తన నీడచేత నేలను కాపాడుటయే కాక, వేళ్లు పీల్చిన నీటిని ఆకులనుండి ఆవిరిగా విడిచి చుట్టునున్న గాలిని చల్లబరచును. లారీలు రేపు బొగ్గుదుమ్ము కొంత ఆకులపై నిలిచి, వానతో నేలకు జారును. ఇంటిలోని గోడలను, గిన్నెలను, ఆరవేసిన చీరలను దినమునకు రెండుసార్లు తుడుచుకొను గృహిణికి ఆ ఆకులు చేయు నుపకారము ఎవరును చెప్పనక్కరలేదు.

వీథిలోని చెట్లు కంపెనీ నాటినవే కావచ్చును. పెరటిలోనివి మాత్రము స్త్రీలు నాటినవి. పూర్వము ఈ యిండ్లలో రాక్షసిబొగ్గు పొయ్యిలే యుండెడివి. పొయ్యి రాజవేయువేళ వరుసంతయు పొగ క్రమ్మెడిది. మగవాడు ఏ షిఫ్టుకు పోయిన ఆ షిఫ్టును బట్టి వంటవేళ మారెడిది. రాత్రి షిఫ్టు చేసివచ్చినవాడు పగలు నిద్రపోవలెనన్న పిల్లలను ఇంటిలో నుంచరాదు; వారికి వేపచెట్టు నీడయే బడి, ఆటస్థలము. గనినుండి రావలసినవాడు వేళకు రానినాడు ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి కూర్చుండునదియు ఆ చెట్టు క్రిందనే. అచ్చట ఎవరి యూరు ఏదని ఎవరును అడిగెడివారు కారు.

ఇక ఈ కాపురములలోని చేదు చెప్పవలెను. క్వార్టరు కొలువున్నంతకాలమే. ఉద్యోగ విరమణయైన వెనుక తాళపుచెవి తిరిగి ఇచ్చివేయవలసినదే. ముప్పదియేండ్లు అలికి ముగ్గుపెట్టిన వాకిలి, ఇద్దరు ముగ్గురు బిడ్డల పెండ్లిపందిరి చూచిన వాకిలి, ఒక దినమున పరాయిదగును. కాగితముమీద భర్త పేరో, తండ్రి పేరో యుండెడిది కాని ఆ వాకిలిని నిలిపినదాని పేరు సాధారణముగా నుండెడిది కాదు. నేడు స్త్రీలును కంపెనీలో కొలువు చేయుచున్నారు. 2019లో భూగర్భగనులలో సయితము స్త్రీలు తమ సమ్మతితో పనిచేయుటకు కేంద్ర ప్రభుత్వము వీలు కల్పించినది. కాగితముపై ఆమె పేరు చేరినను, ఇల్లు విడువవలసిన దినము మాత్రము తప్పదు.

అట్టి దినమొకటి మేము కన్నులార చూచితిమి. సామానంతయు లారీ కెక్కినది. ఇల్లు విడుచుచున్న పెద్దమ్మ, క్రొత్తగా దిగిన చిన్నదానిని పెరటిలోనికి పిలిచి, "బిడ్డా, ఈ కరివేపకు బియ్యం కడిగిన నీళ్లు పొయ్యి. మామిడి నేను పెట్టింది కాదు, నాకంటె ముందున్నామె పెట్టింది. కాయలు నా పిల్లలు తిన్నరు. ఈ జామ నేను పెట్టిన, నీ పిల్లలు తింటరు" అనెను. ఆ చిన్నది "గట్లనే పెద్దమ్మా, పండినప్పుడు నువ్వు గూడ రావాలె" అని చేయి పట్టుకొనెను. లారీ కదలువరకు పెద్దమ్మ కంట నీరు పెట్టలేదు.

మా మనస్సున ఆ మాట నిలిచిపోయినది. వారసత్వమనగా తల్లి బిడ్డకిచ్చు బంగారమని మనమనుకొందుము. ఇచ్చట ముఖమెరుగని స్త్రీకి ముఖమెరుగని స్త్రీ ఇచ్చు ఆస్తి యొకటి యున్నది. దానికి దస్తావేజు లేదు. దానిని భుజించినవారు తాము మరియొకటి నాటిననే అప్పు తీరును.

ఈ పరంపర నేడు సందిగ్ధములో పడినది. 1990 ప్రాంతమున కంపెనీ పనివారు లక్షకు పైబడియుండిరి. నేడు సుమారు నలుబదివేలు. పాతగనులు బొగ్గు తరిగి మూతపడగా, పనివారు ఇతర ప్రాంతములకు బదిలీయగుదురు. మనుష్యులు తగ్గినచోట పాత వరుసలలో తాళములు పెరుగును. పాడుపడిన కప్పును కూల్చుట తప్పు కాదు, ప్రాణాపాయము తప్పించుటయే. కాని గోడను కట్టుటకు ఆరునెలలు చాలును, ఆ గోడకు నీడనిచ్చిన వేప పెరుగుటకు ముప్పదియేండ్లు కావలెను. ఇల్లు పోయినంతమాత్రమున చెట్టును పోనీయవలసిన పనిలేదు. చెట్టును నరుకుటకు అనుమతి కావలెననియు, నరికినవారు బదులు నాటవలెననియు చెప్పు చట్టమొకటి 2002 నుండి యున్నది. దానిని వాల్టా యందురు. ఆ సంగతి ప్రతి గృహిణియు తెలిసికొనదగినది.

చట్టముకంటె దగ్గరిది మన చేయి. అద్దెయింటనున్నను, క్వార్టరులోనున్నను, సోదరీమణులు వచ్చిన మొదటి వర్షకాలముననే ఒక మొక్క నాటుదురుగాక. పడమటి యెండ సోకు వైపున వేప గాని కానుగ గాని, గోడకు కొన్ని గజముల యెడముగా పెట్టవలెను. మఱ్ఱి, రావి వేళ్లు పునాదులలో దూరును గనుక వానికి ఇంటిప్రక్క చోటు తగదు. మునగ త్వరగా కాయును గాని కొమ్మ పెళుసు; పిల్లలను ఎక్కనీయరాదు. ఇంటినీళ్లలో సబ్బు లేనివానిని కరివేపకు, జామకు మళ్లింపవచ్చును. విడిచిపోవునాడు, వచ్చువారికి తాళముతోపాటు చెట్ల పేర్లును, వాని వయస్సును చెప్పి పోవలెను.

భద్రాచలమునకు పోవు సోదరి ఈసారి కొత్తగూడెమున బస్సు మారునప్పుడు తలయెత్తి ఆ పాతచెట్లను చూచుగాక. వానిలో కొన్నింటికి మొదట నీరు పోసినవారి పేరు ఏ కాగితమునను లేదు. వారు పోసిన నీరు మాత్రము నేటికిని నీడయై నిలిచియున్నది.