డేగల లెక్క

శరదృతువు ప్రవేశించి ఉత్తర అమెరికా అడవులలో ఆకులు రంగు మారే వేళకు, అట్లాంటిక్ తీరాన న్యూజెర్సీ రాష్ట్రపు దక్షిణాగ్రమైన కేప్ మే వద్ద ఒక విచిత్రమైన కొలువు ఆరంభమవుతుంది. దీపస్తంభం చెంతనున్న చెక్క వేదికపై ఒక మనిషి పొద్దస్తమానం ఆకాశంకేసి చూస్తూ నిలిచి ఉంటాడు. సెప్టెంబరు 1 మొదలు నవంబరు 30 వరకు, దక్షిణానికి వలసపోయే డేగలను, గద్దలను లెక్కించడమే అతని పని. ఎండయినా చలిగాలి అయినా 1976 నుండి ఏటేటా ఈ లెక్క సాగుతున్నది.

అన్ని పక్షులూ ఆ ఒక్క చోటికే ఎందుకు చేరాలి? దీనికి సమాధానం భూగోళ పటంలోనే ఉన్నది. కేప్ మేకు ఒక వైపు మహాసముద్రం, మరొక వైపు డెలావేర్ అఖాతం. వాయవ్యపు గాలి వీచిన దినాలలో డేగలు తీరానికి నెట్టబడతాయి. విశాలమైన నీటిపై ఎగరడానికి అవి వెనుదీస్తాయి. ఎండకు కాగిన నేల నుండి లేచే వేడిగాలి ఆధారం నీటిపై వాటికి లభించదు. అందువలన తీరాన్నే అనుసరించి దక్షిణంగా సాగి, గరాటులో పోసిన ధాన్యం వలె భూమి కొసకు వచ్చి గుమికూడతాయి.

లెక్కించడం తేలిక కాదు. డేగ రంగు అంత ఎత్తున కనబడదు. ఆకారాన్ని బట్టి, ఎగిరే తీరును బట్టి జాతిని నిర్ణయించాలి. పొట్టి రెక్కలు, పొడుగు తోక ఉండి, నాలుగు మార్లు రెక్కలాడించి కొంత దూరం తేలిపోయేది ఒక తెగ. వాడి రెక్కలతో బాణం వలె దూసుకుపోయేది బైరి డేగల తెగ. వేడిగాలిలో వందలాది పక్షులు సుడి తిరుగుతూ పైకి లేచేటప్పుడు లెక్క తప్పక తప్పదు. అవి పైకి చేరి, ఒకదాని వెనుక ఒకటి బారుగా సాగేవరకు ఓపిక పట్టి, అప్పుడు లెక్కిస్తారు. గంట గంటకూ పక్షుల సంఖ్యతో పాటు గాలి దిశను, మేఘాల స్థితిని కూడ నమోదు చేస్తారు.

ఈ తావు ఒకనాడు వధ్యశిల. కోళ్లను తన్నుకుపోయే దొంగలని డేగలపై నింద ఉండేది. వలసకాలంలో వేటగాండ్రు బారులు తీరి, తలపై ఎగిరిన వాటినెల్ల కాల్చేవారు. ఆలెన్, పీటర్సన్ అనే పక్షిశాస్త్రజ్ఞులు 1936లో కేప్ మే డేగల వలసను గూర్చి వ్యాసం ప్రకటించారు. అయినను దేశమంతటికి వర్తించే చట్టరక్షణ డేగజాతికి లభించినది 1972లోనే.

తుపాకిని మించిన శత్రువు కంటికి కనబడకుండ వచ్చినది. దాని జాడ పట్టినది కూడ లెక్కయే. పెన్సిల్వేనియాలోని హాక్ మౌంటెన్ అనే కొండను రోసలీ ఎడ్జ్ అనే మహిళ 1934లో కౌలుకు తీసుకొని వేట మాన్పించగా, మారిస్ బ్రౌన్ అక్కడ పక్షులను లెక్కించసాగాడు. ఆయన చిట్టాలను రేచెల్ కార్సన్ 1962లో వెలువడిన ‘సైలెంట్ స్ప్రింగ్’ గ్రంథంలో ఉదాహరించింది. 1935–39 నడుమ కనిపించిన తెల్లతల గద్దలలో నూటికి 40 పిల్లపక్షులు కాగా, 1955–59 నాటికి అవి 20కి తగ్గాయి. పెద్దవి ఎగురుతున్నాయి, సంతానం కరవవుతున్నది! డి.డి.టి. అనే పురుగుమందు ఆహారం ద్వారా గద్దల దేహాలలో పేరుకొని, గుడ్ల పెంకును పలుచబరచడమే ఇందుకు కారణమని పరిశోధనలు తేల్చాయి. మిసిసిపీ నదికి తూర్పున గూడుకట్టే బైరి డేగలు 1960ల నడుమకు అంతరించనే అంతరించాయి. 1972లో అమెరికా ఆ మందును నిషేధించింది. పెంపకంలో పుట్టిన బైరి పిల్లలను ప్రకృతిలోకి వదిలారు. క్రమంగా అవి కోలుకున్నాయి. ప్రమాదంలో ఉన్న జాతుల పట్టిక నుండి 1999లో బైరి డేగను, 2007లో తెల్లతల గద్దను తొలగించారు. ఈ రెంటి పునరాగమనాన్ని కేప్ మే వేదిక కూడ చిట్టా కెక్కించింది.

కథ సుఖాంతమని చిట్టాను మూసివేయడానికి వీలు లేదు. కెస్ట్రెల్ అనే చిన్న డేగ అక్కడ తగ్గుతూ వస్తున్నది. కారణం ఇంకను తేలలేదు. తగ్గుతున్నదని తెలిసినదే ఈ లెక్క వలన.

మన తీరానికి కూడ ఇట్టి పని కొత్త కాదు. 1987లో ఆరంభమైన ఆసియా నీటిపక్షుల గణనలో భాగంగా కోరింగ మడ అడవుల ప్రాంతంలో జనవరి మాసాన పక్షులను లెక్కిస్తున్నారు. ఒక కాగితం, ఒక పెన్సిలు, ఓపికగల రెండు కళ్లు ఉంటే బడిపిల్లలు కూడ ఊరి చెరువు వద్ద ఈ విద్య నారంభించవచ్చు. ఒకనాటి లెక్క వినోదం. ఒకేచోట ఏటేటా వ్రాసి ఉంచిన లెక్క సాక్ష్యం.