చల్లని ఇంజన్ చెప్పే నిజం

బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసినవాళ్లకు టర్బో సంగతి సగం తెలిసినట్టే. ఫర్నేస్‌లోకి గాలిని బలంగా ఊదాలి. పైనుంచి వచ్చే గ్యాసును వృథాగా వదలరు. దాన్ని మండించి, ఊదే గాలినే వేడిచేస్తారు. 1911లో మొదటి ఇనుము తీసిన జంషెడ్‌పూర్‌కు ఇది పాత విద్యే.

స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంట్ తీసుకున్నదీ ఇలాంటి పొదుపు మీదే. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని కుదించి సిలిండర్లలోకి తోస్తుంది. ఇదే టర్బో. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ మండించవచ్చు. తేడా ఒక్కటే: ఫర్నేస్‌కు వేడి గాలి కావాలి, ఇంజన్‌కు చల్లని గాలి. చల్లబడితే గాలి చిక్కబడుతుంది. చాలా బండ్లలో ఇంటర్‌కూలర్ ఉండేది అందుకే.

లారీలకు టర్బో ఇంజన్లు జంషెడ్‌పూర్‌లోనే టాటా కమిన్స్ తయారుచేస్తుంది. స్టేషన్ వ్యాగన్లు మాత్రం పుణెవి: 1992లో టాటా ఎస్టేట్, 2004లో ఇండిగో మెరీనా. స్కోడా ఆక్టావియా కాంబి కూడా కొన్నాళ్లు అమ్మారు. మన కొనుగోలుదారులు వ్యాగన్లను పెద్దగా ఆదరించలేదు. అందుకే డిక్కీ నిండా సామాను పట్టే టర్బో బండి, అదీ మాన్యువల్ గేర్లతో కావాలంటే ఎక్కువగా సెకండ్ హ్యాండే గతి.

టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాన్ని మోసేది పలచని ఆయిల్ పొర. స్టార్ట్ చేయగానే యాక్సిలరేటర్ తొక్కితే ఆయిల్ అందకముందే ఇరుసు పరుగెత్తుతుంది. ఘాట్ ఎక్కి వచ్చిన వెంటనే ఇంజన్ ఆపేస్తే, ఆయిల్ ప్రవాహం ఆగి, మిగిలినది ఆ వేడికి మాడి మసికడుతుంది. ఓడోమీటర్‌లో ఈ లెక్క ఉండదు.

కాబట్టి బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి ఉంచవద్దని చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉండాలి. స్టార్ట్ కాగానే నీలిపొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు. అది టర్బో సీలు వల్ల కావచ్చు, పిస్టన్ రింగుల వల్లా కావచ్చు. మెకానిక్ చేత గాలి గొట్టం విప్పించండి. లోపల సన్నని ఆయిల్ తడి మామూలే, మడుగు కట్టడం మామూలు కాదు. ఇరుసు పక్కలకు కాస్త కదిలినా ఫరవాలేదు. ముందుకూ వెనక్కూ జరుగుతుంటే, రెక్కలు గీసుకుపోయి ఉంటే బండి వద్దు.

మాన్యువల్ గేర్‌బాక్స్ ఇక్కడ పరీక్ష సాధనం కూడా. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. కాసేపటికి టర్బో అందుకొని బండి ముందుకు లాగాలి. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఆ ఖర్చు బేరంలో కలపండి.

ట్రయల్ చివర్లో స్టీరింగ్ యజమానికివ్వండి. ఇల్లు చేరగానే ఆయన చటుక్కున తాళం తిప్పేస్తారా, అర నిమిషం ఇంజన్‌ను ఊరికే తిరగనిచ్చి ఆపుతారా చూడండి. సర్వీస్ పుస్తకంలో రాయని చరిత్ర ఆ అర నిమిషంలో ఉంటుంది.