ఏడాదికి ఏడు రోజుల ఆస్తి

ఓర్లాండోలో విమానం దిగి, అద్దె కారు తీసుకుని 192వ నంబరు హైవే ఎక్కితే కిసిమీ పొడుగునా రోడ్డు పక్కన ఒకే రకం బోర్డులు: డిస్నీ టికెట్లు తక్కువ ధరకే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో ఆరుగురి కుటుంబానికి ఒక్కరోజు టికెట్లే వందల డాలర్లు అవుతాయి. అందులో సగం మిగులుతుందంటే కారు దానంతటదే ఆ బోర్డు వైపు తిరుగుతుంది. లోపల కౌంటరు దగ్గర నవ్వుతూ అడిగేవి మూడే ప్రశ్నలు. పెళ్లయిందా? ఏడాదికి ఆదాయం ఎంత? రేపు పొద్దున్న భార్యాభర్తలిద్దరూ ఓ తొంభై నిమిషాలు రాగలరా, టిఫిన్ మేమే పెడతాం?

హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఉన్నవాళ్లకు ఆ మూడో ప్రశ్న పాత చుట్టమే. సూపర్‌మార్కెట్ బయట కూపన్ నింపి డబ్బాలో వేసిన నాలుగు రోజులకు ఫోన్ వచ్చేది: "సార్, మీకు గిఫ్ట్ తగిలింది. మేడమ్‌గారిని కూడా తీసుకురావాలి." ఇద్దరూ ఎందుకంటే, ఒక్కరే వస్తే "ఇంట్లో అడిగి చెప్తాను" అని లేచిపోవచ్చు. ఇద్దరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెడితే ఆ తలుపు మూసుకుపోతుంది.

తొంభై నిమిషాలు మూడు గంటలవుతాయి. మొదట వచ్చే మనిషి ఏమీ అమ్మడు. పోయినేడాది ఎక్కడికెళ్లారు, హోటల్‌కు ఎంతయింది అని కబుర్లలో అడిగి, ఆ అంకె కాగితం మీద వేస్తాడు. దాన్ని ముప్ఫై ఏళ్లకు హెచ్చవేసి, చుట్టూ సున్నా చుట్టి, కాగితాన్ని ఇటు తిప్పుతాడు. "ఇదంతా అద్దె. చివరికి మీ చేతిలో ఏం మిగిలింది?" వద్దంటే మేనేజర్ వస్తాడు, ధర దిగుతుంది. మళ్లీ వద్దంటే టికెట్లు చేతికిచ్చే నెపంతో మూడో ఆయన వచ్చి ఇంకా చిన్న ప్యాకేజీ చూపిస్తాడు. ఏ ధర అయినా ఆ పూటకే.

అసలు మందు ఆ "అద్దె" అన్న మాటలో ఉంది. ఊరు వదిలి వచ్చిన తెలుగువాడికి అద్దె అంటే పోయిన డబ్బు, రిజిస్ట్రేషన్ అంటే నిలిచిన డబ్బు. మొదటి జీతంతో ప్లాటు, గ్రీన్‌కార్డు రాకముందే ఇల్లు. అలాంటి మనిషి ముందు డీడ్ పెట్టి, "ఇది కౌంటీ రికార్డుల్లో మీ పేరున ఎక్కుతుంది, మీ తరవాత పిల్లలకు వస్తుంది" అంటే లోపల ఎక్కడో మీట నొక్కినట్టే. అందులో అబద్ధం కూడా లేదు. డీడ్ నిజమే, పిల్లలకు రావడమూ నిజమే. అయితే శివారు ప్లాటు కొన్నవాడికి పెరిగేది భూమి విలువ. ఇక్కడ కొన్నది ఏడాదిలో ఒక వారం. అది వాడినా అయిపోతుంది, వాడకపోయినా అయిపోతుంది.

టైమ్‌షేర్ అనే ఈ ఆలోచన యూరప్‌లో పుట్టింది. 1963లో స్విట్జర్లాండ్‌లో హాపిమాగ్ అనే సంస్థ, వాటాదారులంతా సెలవు ఇళ్లను వంతులవారీగా వాడుకునే పద్ధతి మొదలుపెట్టింది. అదే దశాబ్దంలో ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండల మీద ఒక స్కీ రిసార్టు, గది అద్దెకు తీసుకోవడం కన్నా హోటల్ కొనుక్కోవడమే చవక అని ప్రచారం చేసింది. అమెరికాలో ఇది ఊపందుకున్నది డెబ్బైల్లో. అమ్ముడుపోని కాండోలు చేతిలో మిగిలిన బిల్డర్లకు, ఒక్కో ఇంటిని యాభై ముక్కలు చేసి అమ్ముకోవడం వరంలా దొరికింది. 1974లో ఇండియానాపొలిస్‌లో డిహాన్ దంపతులు ఆర్.సి.ఐ. పెట్టి, ఒకరి వారాన్ని మరొకరి వారంతో మార్చుకునే బజారు తెరిచారు. చేతులు మారుతున్న ఈ వ్యాపారానికి అప్పట్లో అంత మంచి పేరు లేదు. 1984లో మారియట్, 1991లో డిస్నీ, 1992లో హిల్టన్ దిగాక పరువు వచ్చింది. వారాల బదులు, గదులు బుక్ చేసుకోవడానికి వాడే పాయింట్లూ వచ్చాయి.

ఇక లెక్క. కంపెనీ దగ్గర నేరుగా కొంటే సగటు ధర ఈమధ్య 24 వేల డాలర్ల చుట్టుపక్కల ఉంది. మరమ్మతులకు ఒక వారం వదిలేసి మిగతా 51 వారాలు అదే ధరకు అమ్మితే ఒక్క కాండోకు 12 లక్షల 24 వేల డాలర్లు. కిసిమీలో అలాంటి రెండు పడగ్గదుల కాండో అందులో మూడో వంతుకే దొరుకుతుంది. మిగతాదంతా ఏమైంది? ఫ్రీ టిఫిన్, సగం ధర టికెట్లు, కౌంటరులో అమ్మాయి, బల్ల దగ్గరికి వచ్చిన ముగ్గురూ, వాళ్ల కమీషన్లు. ధరలో సగం దాకా అమ్మకం ఖర్చే ఉంటుంది. కొన్నవాడు తనకు అమ్మినందుకయిన ఖర్చు కూడా తనే కట్టుకుంటాడన్నమాట.

చేతిలో అంత సొమ్ము లేకపోతే అక్కడే అప్పు ఇస్తారు. వడ్డీ 12 నుంచి 18 శాతం. పది శాతం ముందు కట్టి, మిగిలిన 21,600 డాలర్లు 15 శాతం మీద పదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 348 డాలర్లు, మొత్తం 41,800 పైమాటే. దానికి మెయింటెనెన్స్ ఫీజు కలపాలి. ఏడాదికి 1,200తో మొదలై 5 శాతం చొప్పున పెరిగితే పదేళ్లకు 15 వేలు. ముందు కట్టిన 2,400 కూడా చేరిస్తే 59 వేల డాలర్లు దాటుతుంది. పదేళ్లలో పడుకున్న రాత్రులు 70. ఒక్కో రాత్రి 840 డాలర్ల పైన! అప్పు తీరాకైనా ఊపిరి పీల్చుకోవచ్చా అంటే, అదే లెక్కన ఇరవై ఏళ్లకు ఫీజు ఒక్కటే ఏడాదికి 3,180 డాలర్లు దాటుతుంది. ఉద్యోగం పోయినా, వీసా చిక్కులతో ఇండియాకు తిరిగి వెళ్లిపోయినా ఆ బిల్లు రావడం మానదు.

మరి ఇంతమంది ఎందుకు కొంటున్నారు? అమెరికాలో టైమ్‌షేర్ ఉన్న కుటుంబాలు కోటికి దగ్గరగా ఉన్నాయి, వాళ్లందరూ మోసపోయినవాళ్లు కారు. అమ్మానాన్నలతో హోటల్‌లో దిగిన ఎవరికైనా సంగతి తెలుసు. రెండు గదులు, మధ్యలో కారిడార్, మూడో రోజుకు నాన్నగారికి పిజ్జా వాసనంటేనే విముఖత. టైమ్‌షేర్ యూనిట్‌లో రెండు పడగ్గదులు, హాలు, వాషింగ్ మెషీన్, అన్నిటికీ మించి పూర్తి వంటగది ఉంటాయి. సూట్‌కేసులో తెచ్చిన రైస్ కుక్కర్ ప్లగ్గులో పెట్టి, పప్పు పొయ్యి మీద వేసి, ఆవకాయ సీసా టేబుల్ మీద పెడితే అది ఇల్లే. (పోపు వేసేముందు చిమ్నీ ఫ్యాన్ వేసుకోవాలి, స్మోక్ అలారానికి ఎండుమిర్చి అలవాటు లేదు.) లాక్‌ఆఫ్ అని ఇంకో ఏర్పాటు కూడా ఉంది. మధ్య తలుపు వేసుకుంటే పెద్దవాళ్లది వేరే ఇల్లు, తీస్తే అందరిదీ ఒకటే. మూడు తరాలు కలిసి తిరిగే కుటుంబాలకు మామూలు హోటళ్లు ఈ సౌకర్యం ఇవ్వలేవు. ముందే డబ్బు కట్టేశాం కాబట్టి ఏటా తప్పకుండా సెలవు తీసుకుంటున్నాం అని చెప్పే సాఫ్ట్‌వేర్ దంపతులూ ఉన్నారు. అదీ చిన్న లాభం కాదు.

విలువ నిలబెట్టుకున్నవీ లేకపోలేదు. డిస్నీ వెకేషన్ క్లబ్ 1991లో మొదలైనప్పుడు పాయింటు ధర 51 డాలర్లు. ఇప్పుడు కొత్త రిసార్టుల్లో 200 దాటింది. పాతవాటిని తిరిగి అమ్మినా చెప్పుకోదగ్గ ధరే పలుకుతుంది. ఎవరైనా మరీ చవగ్గా అమ్ముతుంటే అదే ధరకు ముందుగా తానే కొనుక్కునే హక్కును డిస్నీ ఒప్పందంలోనే అట్టిపెట్టుకోవడం ఇందుకు ఒక కారణం. ఇంకో మేలు, దీనికి ముగింపు తేదీ ఉంది. మొదటి రిసార్టు ఓల్డ్ కీ వెస్ట్‌లో చాలా ఒప్పందాలు 2042 జనవరి 31తో తీరిపోతాయి. చిక్కు మరో చోట. సొంత రిసార్టుకైతే 11 నెలల ముందు, వేరేవాటికి 7 నెలల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది. బడిపిల్లలున్నవాళ్లు వెళ్లగలిగేది క్రిస్మస్‌కో, వసంత సెలవులకో. అందరికీ అప్పుడే కావాలి, పాయింట్లూ అప్పుడే ఎక్కువ అడుగుతారు.

గది దొరకకపోవడం ఎంత దూరం పోగలదో న్యూయార్క్, న్యూజెర్సీ వాళ్లకు తెలిసిన ఉదాహరణే ఉంది. మన్‌హాటన్ 56వ వీధిలోని మన్‌హాటన్ క్లబ్‌లో వాటాలు కొన్న ఓనర్లకు బుకింగ్ దొరికేది కాదు. అవే గదులు మామూలు హోటల్ గదుల్లా బయటివాళ్లకు అద్దెకు పోయేవి. రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణ 2017లో 65 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది, నిర్వాహకులు టైమ్‌షేర్ వ్యాపారం నుంచి తప్పుకోవలసి వచ్చింది. హవాయిలో కవాయి ద్వీపం మీద పాయింట్ ఎట్ పొయిపు రిసార్టుది ఇంకో కథ. గోడల్లోకి నీరు దిగితే 2011లో మరమ్మతులకు 6 కోట్ల 58 లక్షల డాలర్లు అంచనా వేసి, ఆ భారం ఓనర్ల మీద పంచారు. ఒక్కొక్కరికి వచ్చిన బిల్లు వేల డాలర్లలో ఉంది. అమ్మకం బల్ల దగ్గర తీయగా వినిపించిన "ఓనర్" అన్న మాటకు అర్థం అదీ: పైకప్పు కారితే బాధ్యత అద్దెకున్నవాడిది కాదు.

వదిలించుకోవాలనుకున్నవాళ్లు ముందు ఈబే చూస్తారు. తాము వేల డాలర్లు పోసి కొన్నటువంటి వారాలే ఒక్క డాలరుకు అమ్మకానికి ఉంటాయి, కొనేవాడు రాక వారాల తరబడి అలాగే ఉంటాయి. నష్టానికి అమ్మినా, సొంత వాడకానికి కొన్నది కనుక ఆ నష్టం పన్నులో చూపించడానికి వీల్లేదు. దానం చేద్దామంటే తీసుకునే సంస్థ దొరకడం కష్టం. ఆ నిస్పృహ మీద ఇంకో వ్యాపారం మొలిచింది. వేల డాలర్లు ముందే కట్టించుకుని మీ టైమ్‌షేర్ రద్దు చేయిస్తామనే ఎగ్జిట్ కంపెనీలు. రేడియోలో అప్పుల గురించి సలహాలు చెప్పే డేవ్ రామ్సీ ఏళ్ల తరబడి సిఫార్సు చేసిన టైమ్‌షేర్ ఎగ్జిట్ టీమ్ అనే కంపెనీ మీద వాషింగ్టన్ రాష్ట్రం 2020లో దావా వేసింది. మరుసటి ఏడాది 26 లక్షల డాలర్ల రాజీ కుదిరింది. మెక్సికోలో వారాలు కొన్నవాళ్ల పరిస్థితి మరీ ఘోరం. మీ టైమ్‌షేర్‌కు మంచి బేరం వచ్చింది, ముందు పన్నులు, ఫీజులు పంపండి అంటూ వచ్చే ఫోన్ల వెనక హలిస్కో డ్రగ్ ముఠా ఉందని అమెరికా ట్రెజరీ తేల్చి, 2023 నుంచి ఆంక్షలు పెడుతోంది. 2019 నుంచి 2023 దాకా దాదాపు 6,000 మంది అమెరికన్లు ఈ మోసాల్లో 30 కోట్ల డాలర్ల వరకు పోగొట్టుకున్నామని ఫిర్యాదు చేశారు. ఎగ్జిట్ కంపెనీల గడప తొక్కేముందు అసలు రిసార్టుకే ఫోన్ చేయడం నయం. అప్పు తీరిపోయిన వారాలను వెనక్కి తీసుకునే పథకాలు పెద్ద కంపెనీల్లో ఉన్నాయి, కాకపోతే వాటికి ప్రకటనలుండవు.

ఆ ఒక్క డాలరు ప్రకటనలే మరొకరికి అవకాశం. ఏటా అదే చోటుకు, అదే వారంలో, ఇంటిల్లిపాదితో వెళ్లేవాళ్లు వేరే ఓనర్ దగ్గర దాదాపు ఉచితంగా తీసుకుంటే వాళ్లకు పడేది మెయింటెనెన్స్ ఒక్కటే. 1,200 డాలర్లను ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 171. వంటగదితో రెండు పడగ్గదులకు అది మంచి బేరమే. కొన్ని సదుపాయాలు తగ్గుతాయి: 2019 జనవరి 19 తరవాత డిస్నీ పాయింట్లు ఇలా వేరే ఓనర్ల దగ్గర కొన్నవాళ్లకు రివియేరా వంటి కొత్త రిసార్టుల్లో చోటు లేదు. అయినా ఒకే గది, ఒకే మంచం. బల్ల దగ్గర 24 వేలు, పక్కవాడి దగ్గర ఒక డాలరు.

బల్ల దగ్గర సంతకం పెట్టి, రాత్రి హోటల్ గదిలో నిద్ర పట్టనివాళ్లకు చట్టం ఒక కిటికీ తెరిచి ఉంచింది. ఫ్లోరిడాలో 10 రోజులు, కాలిఫోర్నియాలో 7, లాస్ వేగస్ ఉన్న నెవాడాలో 5. ఆ లోపు రద్దు చేస్తున్నామని రాతపూర్వకంగా పంపితే కారణం చెప్పనక్కర్లేదు, కట్టిన డబ్బు తిరిగివ్వాల్సిందే. ఫోన్ చేస్తే చాలదు. ఎక్కడికి పంపాలో ఒప్పందం కాగితాల్లోనే ఉంటుంది, లావుపాటి ఫోల్డర్ అడుగున. ఒప్పందం నంబరు, తేదీ, ఇద్దరి సంతకాలు వేసి, పోస్టాఫీసులో సర్టిఫైడ్ మెయిల్ చేసి, రసీదు దాచుకోవాలి. సెలవు వారం రోజులైతే ఇంటికి చేరి, బట్టలుతుక్కుని, ఫోల్డర్ తెరిచేసరికి నెవాడా గడువు దాటిపోతుంది.

ఆ గడువు దాటిన వారాల్లో కొన్ని ఇప్పుడు రెండో తరానికి చేరుతున్నాయి. తొంభైల్లో వచ్చిన తరం పెద్దదైంది. వీలునామా కాగితాల మధ్య ఓర్లాండోదో, విలియమ్స్‌బర్గ్‌దో పాత డీడ్ బయటపడుతుంది. పిల్లలు దాన్ని తీసుకోవాలని బలవంతం లేదు. ఈ ఆస్తి మాకు వద్దని లాయరు చేత రాయించి, సాధారణంగా తొమ్మిది నెలల్లోపు దాఖలు చేస్తే సరిపోతుంది. షరతు ఒక్కటే. నాన్నగారి జ్ఞాపకంగా ఒక్కసారి చూసొద్దామని ఆ వారం వాడుకోకూడదు, మెయింటెనెన్స్ బిల్లు కట్టకూడదు. కడితే ఆస్తి స్వీకరించినట్టే లెక్క.