సెన్సార్ పంపిన కబురు దారిలో తప్పిపోకుండా



నాలుగో జ్వరం లేచిన పురుగులకు 23-24 డిగ్రీల వేడి, 65-70 శాతం తేమ ఉండాలని మీకు తెలిసిందే. రాత్రి కిటికీలన్నీ మూసిన గదిలో తేమ పెరిగితే సున్నపుకట్టు రోగానికి దారి ఇచ్చినట్లే. ఇంట్లో నుంచే వేడి, తేమ చూసుకునేందుకు షెడ్డులో వైర్‌లెస్ సెన్సార్లు పెట్టుకోవచ్చు. అయితే తెర మీద 24 అని కనిపించగానే నిశ్చింతగా పడుకోరాదు. ఆ 24 ఇప్పటిదా, లేక రెండు గంటల క్రితం వచ్చి ఆగిపోయినదా? పంట దెబ్బతినేది ఇక్కడే.

నీరు రేడియో తరంగాలను పీల్చుకుంటుంది. స్టాండ్ల నిండా పచ్చి మల్బరీ కొమ్మలు, తడి గోనెపట్టాలు, పైన ఇనుప రేకులు ఉంటే కబురు బయటకు రావడం కష్టం. అందుకే ఖాళీ షెడ్డులో చక్కగా పనిచేసిన పరికరం ఐదో దశలో, సరిగ్గా అవసరమైనప్పుడు, మూగబోతుంది. మేత వేసిన తరువాత, తలుపులు మూసి పరీక్షించండి. సెన్సార్ పురుగుల పడక ఎత్తులోనే ఉండాలి. యాంటెన్నాను మాత్రం స్టాండ్ల పైకి తీసి, రేకుకు ఎడంగా నిలువుగా కట్టాలి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల కంటే 865-867 మెగాహెర్ట్జ్ తరంగాలు ఆకును, గోడను బాగా దాటుతాయి. తక్కువ శక్తి పరికరాలకు మన దేశంలో 2005 నుంచి వీటికి లైసెన్సు అక్కరలేదు.

రెండు సెన్సార్లు ఒకేసారి మాట్లాడినా రెండు కబుర్లూ చెడతాయి. 1971లో హవాయి విశ్వవిద్యాలయంవారు దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపినప్పుడు ఇదే చిక్కు వచ్చింది. వారి ఉపాయం సులువైనది. కబురు చేరితే 'అందింది' అని జవాబు రావాలి. రాకపోతే మళ్లీ పంపాలి, కాని ఒక్కొక్కరు ఒక్కో వ్యవధి ఆగి పంపాలి. పదింటిలో ఒకటి పోయే చోట ఇలా మూడుసార్లు ప్రయత్నిస్తే వెయ్యింటిలో ఒకటే పోతుంది. ఈ లెక్క తాత్కాలిక అడ్డంకులకే. రేకే అడ్డమైతే ముప్పైసార్లు పంపినా చేరదు, బ్యాటరీ మాత్రం అయిపోతుంది. అప్పుడు మధ్యలో మరో పరికరం పెట్టి కబురు అందించుకోవాలి. ఎక్కువ పెట్టినా నష్టమే. ఒక్కో మజిలీలో పదింటికి తొమ్మిది చేరితే, మూడు మజిలీలకు నూటికి 73 మాత్రమే మిగులుతాయి.

కొనేముందు అమ్మేవారిని గట్టిగా అడగండి. కరెంటు పోతే కొలతలను దాచుకుని తరువాత పంపుతుందా? ప్రతి కొలతకూ వేళ, వరుస సంఖ్య ఉన్నాయా? అన్నిటికన్నా ముఖ్యం, అరగంట కబురు రాకపోతే గంట మోగుతుందా? వేడి పెరిగితేనే మోగే గంట సగం గంటే.

షెడ్డుకు క్రిమిసంహారక మందు కొట్టేముందు సెన్సార్లను బయటకు తీయండి. ఆ ఆవిరికి తేమ కొలత తప్పవచ్చు. తిరిగి పెట్టినప్పుడు గోడ మీది తడి-పొడి థర్మామీటరుతో సరిచూసుకోండి. దానిని మాత్రం పారేయకండి.